రాయి వేయని మాట

పోయిన వారం దొమితిలా పంతులమ్మని పుకాకంచ అనే కొండమీది ఊరి బడి వసారాలో, సుద్దముక్క చేత్తో పట్టుకుని బిగుసుకుపోయి ఉండగా వదిలేశాం. పాపం, ఆమెకి తేలనిది ఒకటే లెక్క. అయిదో తరగతీ ఆరో తరగతీ కలిపి ఒకటే గది, ఒకటే పంతులమ్మ, ఇరవై ముగ్గురు పిల్లలు. సోమవారం నాడు సరిసంఖ్యలూ బేసిసంఖ్యలూ నేర్పుదామని, ఇద్దరిద్దరు చేతులు పట్టుకోండర్రా అంటే పదకొండు జతలు కుదిరాయి. వెనక బెంచీ నియేవెస్ ఒక్కతే మిగిలింది. అది సరే. మంగళవారం అదే ఆట మళ్లీ ఆడిస్తే పన్నెండు జతలొచ్చాయి. ఎవరూ మిగల్లేదు. హాజరుపట్టీ చూస్తే ఇరవై మూడు పేర్లే. వరసగా ముఖాలు చూసుకుంటూ పోతే ఒక్కటి కూడా కొత్త ముఖం కాదు. అన్నీ తెలిసినవే.

బుధవారం మధ్యాహ్నం బడి వంట వంతుకొచ్చిన ఒక పిల్ల తల్లి సతుర్నీనా గరిటె పట్టుకునే వచ్చి, "ఏంటి టీచర్, కొత్త పిల్లని చేర్చుకుంటే చెప్పొద్దా? కంచం ఒకటి తక్కువైంది, నా కంచం ఇచ్చేశా," అంది. ఎవరికిచ్చావని అడిగితే గుర్తులేదంది. అక్కడికి ఆగాం.

ఇప్పుడు గురువారం. ఆగస్టు నెల. కొండల మీద ఈ నెల్లో భూమి నోరు తెరుచుకుని ఉంటుందంటారు. తడి లేదు, పచ్చ లేదు, గాలి పొద్దున లేచిందంటే మధ్యాహ్నం దాకా దుమ్ము కొడుతూనే ఉంటుంది. రేకుల కప్పు కింద మట్టిగోడల గది. పిల్లలు రాకముందు దొమితిలా బెంచీలన్నీ ఒకసారి తుడుస్తుంది, బడిగంట కొట్టేసరికి మళ్లీ వేలితో పేరు రాసుకునేంత దుమ్ము పేరుకుంటుంది.

ఆ పూట భాగహారం.

"విభాజ్యం," అంది బోర్డు మీద రాస్తూ. "విభాజకం. భాగఫలం. శేషం. నాలుగే మాటలు. ఇవి నోటికొస్తే సగం లెక్కలు వచ్చినట్టే."

"నోటికి రావడం సంగతి తర్వాత టీచర్, నాలుక ముడిపడిపోతోంది," అంది ముందు బెంచీ ఉర్సులా. ఆ పిల్ల నోరు ఊళ్లో అందరికీ తెలుసు. వాళ్లమ్మ చంకలో ఉన్నప్పుడే చర్చి పూజారితో వాదం పెట్టుకుందని చెప్పుకుంటారు.

"ముడి నేను విప్పుతా. మీ ఇంట్లో నలభై అయిదు దుంపలు ఉడికాయి. తినేవాళ్లు ఏడుగురు. విభాజ్యం ఏది?"

"దుంపలు."

"విభాజకం?"

"మేం ఏడుగురం." కొంచెం ఆలోచించింది. "కాదు టీచర్, మా అమ్మ. పంచేది ఆవిడ కదా. మమ్మల్ని పంచుకోమంటే కొట్టుకు చస్తాం."

గది గొల్లుమంది. దొమితిలా కూడా నవ్వింది. మూడు రోజుల తర్వాత నవ్వడం అదే.

"ఏడుగురే విభాజకం. మీ అమ్మని లెక్కలోకి లాగకు. భాగఫలం?"

"ఒక్కొక్కళ్ల నోట్లోకి పోయింది. ఆరు."

"శేషం?"

"మూడు. కానీ మా ఇంట్లో శేషం ఉండదు టీచర్. మా అన్న ఉన్నాడు."

మళ్లీ నవ్వులు. ఆ నవ్వుల అడుగునుంచి వెనక బెంచీ గొంతు ఒకటి వచ్చింది. పెద్దగా కాదు. అయినా అందరూ ఆగారు.

"టీచర్, శేషం ఎక్కడికి పోతుంది?"

నియేవెస్. పదేళ్ల పిల్ల. సోమవారానికి పదేళ్లు నిండాయి. ఆగస్టు అయిదు మంచుమాత పండగనాడు పుట్టింది కాబట్టి, స్పానిష్‌లో మంచు అని అర్థమొచ్చే ఆ పేరు. తల్లి సముద్రం వైపు ఇకా అనే ఊరికి దిగిపోయి అక్కడి పొలాల్లో కూలి చేస్తోంది, పిల్లని పెంచేది అవ్వ. ఎప్పుడూ గలగలమనే పిల్ల కాదు కానీ, ఈ మూడు రోజుల్లో బుగ్గల ఎరుపు పోయి, సబ్బు పెట్టి ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలాగా అయింది.

"ఎక్కడికీ పోదమ్మా. పంచడానికి చాలలేదు కాబట్టి అట్లాగే ఉండిపోతుంది."

"ఎన్నాళ్లు?"



"ఎవరో ఒకరు దాన్ని ముక్కలు చేసి పంచేదాకా," అంది దొమితిలా, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

నియేవెస్ తలూపింది. "చేస్తోంది. సగం దానికి, సగం నాకు."

ఉర్సులా వెనక్కి తిరిగి చూసి, ఏదో వేళాకోళం నోటిదాకా వచ్చి, మింగేసి మళ్లీ ముందుకు తిరిగింది.

దొమితిలా నడుచుకుంటూ వెనక్కి వెళ్లింది. బెంచీకి ఆ చివర ఒదిగి కూర్చుంది పిల్ల, పక్కన ఇంకొకళ్లు పట్టేంత చోటు వదిలి. గది నిండా అన్ని బెంచీల మీదా సన్నటి దుమ్ము ఉంది. ఆ వదిలిన చోట మాత్రం లేదు. గుండ్రంగా, తుడిచినట్టు, చెక్క రంగు తేలి ఉంది.

నోట్‌బుక్ తెరిచి ఉంది. కుడి పేజీలో నియేవెస్ రాత. వాలు అక్షరాలు, కొట్టివేతలు, రెండు లెక్కలు చేసి మూడోది సగంలో వదిలేసింది. ఎడమ పేజీలో అవే లెక్కలు. అంకెలన్నీ అద్దంలో చూసినట్టు తిరగేసి ఉన్నాయి. కొట్టివేత ఒక్కటీ లేదు. మూడోది కూడా పూర్తయింది, జవాబు తప్పు కాదు.

"ఇది ఎవరు రాశారమ్మా?"

నియేవెస్ పక్కకి చూసింది, చెప్పనా అని ఎవరినో అడుగుతున్నట్టు.

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర వెలుగు తగ్గింది. నియేవెస్‌ని పెంచే ఎపిఫానియా అవ్వ నిలబడి ఉంది. నల్లటోపీ, భుజాల మీద దుప్పటి, చేతిలో కర్ర. లోపలికి రాలేదు. గుమ్మం అవతలే నిలబడి పెదవులు కదుపుతూ పిల్లల్ని లెక్క పెట్టింది, ఒక్కొక్కళ్లని కాదు, రెండేసి. ఆ ఊళ్లో అందరూ అట్లాగే పెడతారు, గొర్రెల్నయినా, దుంపబస్తాలనయినా. చివరికొచ్చాక పెదవులు ఆగిపోయాయి.

"పంతులమ్మా, ఇట్లా రా," అంది.

పిల్లల్ని లెక్కలు చేసుకోమని చెప్పి దొమితిలా వసారాలోకి వెళ్లింది.

"నా మనవరాలిని ఏమన్నావు?"

"నేనేమన్నా అవ్వా? ఏమీ అనలేదే."

"సోమవారం. చేతులు పట్టుకునే ఆట ఆడించావంట. అది మిగిలిపోయిందంట. మిగిలినదాన్ని పట్టుకుని ఏమన్నావు?"

దొమితిలాకి గుర్తొచ్చింది. గుర్తురావడమే కాదు, ఆ మాట అన్నప్పుడు తనకి ఎంత గర్వంగా అనిపించిందో కూడా గుర్తొచ్చింది. పుస్తకంలో బేసిసంఖ్యకి ఉన్న స్పానిష్ మాట పిల్లల నోటికి రాళ్లు నమిలినట్టుండేది. తను పుట్టిన కింది లోయలో కెచువా భాషలో ఒంటిదాన్ని చుల్యా అంటారు. ఒంటి చెప్పు చుల్యా, ఒంటికన్నువాడు చుల్యా, ఏడూ తొమ్మిదీ చుల్యా. ఈ కొండమీది ఊళ్లో ఆ మాట అంటే మాత్రం జనం మొహం తిప్పుకునేవాళ్లు. మరి మీరేమంటారో అని చెవి వేసి, గొర్రెల్ని దొడ్డికి తోలే వేళ గోడ పక్క నిలబడి విని పట్టుకుంది. జత, జత, జత, జత, అంటూ తోలి, చివర ఒంటిది మిగిలితే దాన్ని చూసి "జత రావాల్సింది" అనేవాళ్లు. ఎంత చక్కటి మాట. సోమవారం పొద్దున బోర్డు మీద రెండు గీతలు గీసి, ఈ పక్క జత, ఆ పక్క జత రావాల్సింది అని రాసింది. పదమూడు, జత రావాల్సింది. ఇరవై మూడు, జత రావాల్సింది.

"జత రావాల్సింది అన్నా అవ్వా. నియేవెస్, నువ్వు జత రావాల్సినదానివి అన్నా. లెక్కల్లో మాట అది. మీ ఊరి మాటే కదా, మీ దొడ్డి దగ్గరే విన్నా."

"విన్నావు. ఎక్కడ నిలబడి విన్నావు?"

"గోడ పక్కన."

"గోడ పక్కన నిలబడి విన్నావు, గోడ మీంచి చూడలేదు." అవ్వ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. "ఆ మాట అన్న నోరు మూసుకునేలోపు చేతిలో రాయి దొడ్లో పడాలి. మిగిలిన గొర్రె కాళ్ల దగ్గర పడాలి. ఇదిగో నీ జత అని. అప్పుడు ఆ చోటు నిండుతుంది, అందరం ఇళ్లకు పోయి పడుకుంటాం. రాయి వేయకుండా ఆ మాట అంటే అది లెక్క కాదు తల్లీ. పిలుపు. మాట నేర్చుకున్నావు, రాయి నేర్చుకోలేదు."

వేరే రోజయితే దొమితిలా నవ్వి ఊరుకునేది. లేదా కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, గాలి గురించీ మనిషి భయం గురించీ కాలేజీలో చదివింది నాలుగు ముక్కలు చెప్పేది. పన్నెండు జతల్ని కళ్లారా చూసి ఉంది కాబట్టి ఆ రెండూ చెయ్యలేదు.

"అయితే ఇప్పుడు వేద్దాం. రాయికేం కరువు?"

"ఇప్పుడా? వచ్చి కూర్చున్నదాని నెత్తిన వేస్తావా? నిన్ను భోజనానికి పిలిచి రాళ్లు రువ్వితే నువ్వు ఊరుకుంటావా?"

"ఎవరు వచ్చి కూర్చున్నది?"

అవ్వ కర్రని గోడకి ఆనించి, టోపీ తీసి మళ్లీ పెట్టుకుంది. గదిలోంచి పిల్లల గుసగుసలు, పెన్సిళ్ల గరగర.

"ఇద్దరు పుట్టారు," అంది. "ఒకే కడుపున, ఒకటే ముఖం, రెండు గింజలు ఒకే తొడిమెలో ఉన్నట్టు. మంత్రసానిని నేనే. నా కూతురికి జ్వరం, ఒంటి మీద తెలివి లేదు. ఒకటి పొద్దు వాలకముందే పోయింది. మా ఇంటి వెనక, పొయ్యిగోడ అవతల పాతిపెట్టాను. పక్కన గుండ్రాయి ఒకటి పెట్టాను, దానికి జత అని. బతికినదానికి కూడా ఇంకో గుండ్రాయి ఇచ్చాను. మూడేళ్లొచ్చేదాకా దుప్పట్లో కట్టుకుని తిరిగేది. తర్వాత మరిచిపోయింది. మరిచిపోవాలి కూడా. పదేళ్లు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. నువ్వొచ్చి, పుట్టినరోజునాడు, పదిమందిలో, బోర్డు మీద రాసి మరీ పిలిచావు."

దొమితిలా గోడకి చేరగిలబడింది. ఆమె చేతుల్లో సుద్దపొడి చెమటకి తడిసి పాలలాగా అయింది.

"నిన్న సాయంత్రం దాన్ని వీపున వేసుకున్నా," అంది అవ్వ. "నడవలేనంటే. పోయిన వారం నా నడుం విరిగే బరువుండేది. నిన్న సగం ఉంది. అన్నం సగం తింటుంది, మాట సగం చెప్తుంది, నిద్ర సగం పోతుంది. రేపటికి ఆ సగంలో సగం. నీకు లెక్కలొచ్చు కదా, చెప్పు. అట్లా పంచుకుంటూ పోతే చివరికి ఎంత మిగులుతుంది?"

సగంలో సగం చేసుకుంటూ ఎంత దూరం పోయినా సున్నా రాదని దొమితిలాకి తెలుసు. అది అవ్వతో చెప్పడానికి మనసొప్పలేదు. సున్నా రాకపోవడం ఈ పిల్ల విషయంలో ఏమంత ఊరట?

"దాన్ని వెనక్కి పంపాలి," అంది.

"పంపాలంటే ముందు కనబడాలి. నీకు కనబడుతోందా?"

"లేదు. ఎన్నిసార్లు చూసినా అందరూ మన పిల్లలే."

"నాకూ అంతే. జతల్లో దూరిపోయింది."

దొమితిలాకి అప్పుడు తట్టింది. ఇరవై నాలుగు. రెండేసి పంచితే పన్నెండు, శేషం లేదు. ముగ్గురేసి పంచితే ఎనిమిది, శేషం లేదు. నలుగురేసి, ఆరుగురేసి, ఎనిమిది మందేసి, ఎట్లా పంచినా గుంపులన్నీ నిండిపోతాయి, ఎవరూ విడిగా నిలబడరు. దాక్కోవడానికి అంతకంటే మంచి సంఖ్య ఉండదు. ఆ మాటే పైకి అంది, అవ్వకి అర్థమయ్యేట్టు వేళ్ల మీద చూపించి.

అవ్వ విని, "మీ బడి లెక్క నాకు తెలీదు," అంది. "పరాయి గొర్రె మా మందలో కలిసిందనుకో. ఉన్ని ఒకటే, రంగు ఒకటే. మేం వెతకం. దొడ్డి తలుపు తీసి మా వాటిని ఒక్కొక్కదాన్ని పిలుస్తాం. మావి మా పిలుపుకి బయటికొస్తాయి. లోపల మిగిలింది మాది కాదు."

దొమితిలా ఆమె ముఖంలోకి చూసింది. "ఇరవై మూడుతో భాగించడం," అంది మెల్లగా. "భాగఫలం ఒకటి. శేషం ఒకటి."

"ఏదో ఒకటి. పిలువు మరి."

ఇద్దరూ అక్కడికక్కడే ఏర్పాటు చేసుకున్నారు. అవ్వ వసారా మెట్టు మీద కూర్చుని టోపీ ఒళ్లో పెట్టుకుంది. గుప్పెట నిండా గులకరాళ్లు ఏరుకుంది. బయటికొచ్చిన ప్రతి పిల్లకీ ఒక రాయి టోపీలో పడుతుంది. ఇరవై మూడు పడ్డాక దొమితిలా తలుపు మూసి, లోపల మిగిలినదానితో మాట్లాడుతుంది. ఏం మాట్లాడాలో ఆమెకి తెలీదు. క్షమించమని అడగాలని మాత్రం అనుకుంది.

"పిలిచేటప్పుడు తల ఎత్తకు," అంది అవ్వ. "వెళ్లేవాళ్లని చూశావంటే నీ కన్ను నిన్ను మోసం చేస్తుంది. కాయితం చూసి పిలువు."

"సరే."

"ఇంకోటి. పేర్లతో వద్దు. నంబర్లతో పిలువు."

"ఎందుకు?"

అవ్వ గులకరాళ్లు ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకుంది. "ఎందుకంటే నేను చెప్తున్నాను కాబట్టి. ఆగస్టు గాలికి చెవులున్నాయి, పేర్లు వింటుంది."

దొమితిలా ఒప్పుకోలేదు. ఈ తప్పంతా ఎక్కడ మొదలైంది? ఒక పిల్లని ఇరవై మూడు అనుకోవడం దగ్గర, మనిషిని పట్టుకుని సంఖ్యని పిలిచినట్టు పిలవడం దగ్గర. అవ్వ చెప్పిన దగ్గర్నుంచీ అదే ఆమెని తింటోంది. ఇంకోసారి ఆ పని చెయ్యలేదు. ఎవరి పేరుతో వాళ్లని, ఇంటిపేరుతో సహా, మర్యాదగా పిలుస్తుంది. అవ్వకి అవునని తలూపి లోపలికొచ్చింది. అబద్ధం ఆడడం అలవాటు లేని మనిషి కాబట్టి ముఖం చూపించకుండా వచ్చింది.

"పిల్లలూ, పుస్తకాలు మూసెయ్యండి. పేరు పిలవగానే లేచి బయటికి పోవాలి. వెనక్కి తిరిగి చూడకూడదు."

"ఎందుకు టీచర్?" అంది ఉర్సులా.

"భాగహారం."

"మమ్మల్నా?"

"మిమ్మల్నే. నోరు మూసుకుని విభాజ్యంగా ఉండు."

హాజరుపట్టీ తెరిచి తల వంచుకుంది. మొదటి పేరు పిలిచింది. బెంచీ కిర్రుమంది. టైరు చెప్పులు సిమెంటు మీద టపటపమంటూ ఆమె పక్కనుంచి వెళ్లి గడప దాటాయి. బయట టోపీలో రాయి పడిన చప్పుడు, టప్. రెండో పేరు. చెప్పులు, గడప, రాయి. మూడో పేరు. గది కాస్త కాస్త ఖాళీ అవుతుంటే చప్పుళ్లు పెద్దవవుతున్నాయి. పదో పేరు దాటాక గోడల నుంచి ప్రతి అడుగూ రెండుసార్లు వినబడసాగింది. ఉర్సులా పేరు పన్నెండోది. పోతూ పోతూ, "టీచర్, శేషం ఎవరు?" అని చెవిలో అడిగి పోయింది.

పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. గాలి రేకుల్ని ఒకసారి లేపి వదిలింది. ఇరవై ఒకటి. ఇరవై రెండోవాడు జలుబుతో ముక్కు ఎగబీల్చుకుంటూ వెళ్లాడు, రాయి పడింది.

ఒక్క పేరు మిగిలింది. కాయితం మీద ఆ అక్షరాలు కదిలినట్టనిపించి వేలు అదిమిపెట్టింది. పిల్ల లేస్తుందా? పక్కనున్న దాని చెయ్యి వదిలి రావాలి. మూడు రోజులు పట్టుకున్న చెయ్యి, పుట్టకముందు తొమ్మిది నెలలు పట్టుకున్న చెయ్యి. దొమితిలా కళ్లు మూసుకుంది. వదిలిరా తల్లీ, అనుకుంది. వదిలిరా.

"నియేవెస్ హువారంకా."

 వెనక బెంచీ కదిలింది. అడుగులు మొదలయ్యాయి. నెమ్మదిగా, మెత్తగా. పిండిబస్తా మీద నడిచినట్టున్నాయి. పాపం ఎంత తేలికైపోయిందో అనుకుంది దొమితిలా. ఆమె మోచేతి పక్కనుంచి వెళ్తున్నప్పుడు, తడిమట్టి వాసన, తెల్లవారుజామున నీళ్లకుండ మూత తీస్తే తగిలే చల్లదనం. ఆగస్టులో తడిమట్టి ఎక్కడిదో ఆమె ఆలోచించలేదు. వచ్చింది, వదిలి వచ్చింది, అదొక్కటే మనసులో ఉంది. 

గడప దాటింది. దొమితిలా హాజరుపట్టీ మూసింది.

టోపీలో రాయి పడలేదు.

ఎదురుచూసింది. బయట పిల్లల మాటలు కూడా ఆగిపోయాయి. అవ్వా, అని పిలుద్దామనుకుంటూ ఉండగా, వెనకనుంచి ముక్కు చీదిన శబ్దం వచ్చింది. చిన్నగా, ఏడుపు ఆపుకునేవాళ్లు చీదినట్టు.

శేషం, అనుకుంది. తల ఎత్తి తిరిగి చూసింది. చూడాలి కదా. తను పిలిచిందే.

వెనక బెంచీ చివర, నోట్‌బుక్ గుండెకి అదుముకుని, టైరు చెప్పుల కాళ్లు బెంచీ కిందికి ముడుచుకుని, నియేవెస్ కూర్చుని ఉంది. బుగ్గల మీద దుమ్ములోంచి కన్నీటి చారలు రెండు. దాని పక్క చోటు ఇప్పుడు నిజంగా ఖాళీగా ఉంది.

"నువ్వు..." దొమితిలా బెంచీల మధ్యకి ఒక అడుగు వేసింది. "నువ్వు బయటికి వెళ్లావు కదమ్మా."

"నేను పోలేదు టీచర్. నన్ను పిలవలేదు కదా."

"పిలిచాను. నీ పేరు పిలిచాను."

"అది నా పేరు కాదంట." నియేవెస్ అరచేత్తో ముక్కు తుడుచుకుంది. "తనదేనంట. మూడు రోజుల నుంచి చెప్తోంది. నేను నమ్మలేదు. ఇప్పుడు మీరు పిలవగానే లేచి పోయింది."

గుమ్మంలో కర్ర కింద పడింది. ఎపిఫానియా అవ్వ గడప పట్టుకుని నిలబడి ఉంది. ఆమె లోపలికి చూడడం లేదు, నేల వైపు చూస్తూ మాట్లాడుతోంది.

"నంబర్లతో పిలవమన్నాను," అంది. "అంత చెప్పాను."

"అవ్వా, నీళ్లు ఎవరి మీద పోశావు?" అని అడిగింది దొమితిలా.

పూజారి ఆ ఊరికి ఏడాదికి రెండుసార్లు వస్తాడు. పోయేట్టున్న పసిబిడ్డ మీద పెద్దవాళ్లు ఎవరో ఒకరు నీళ్లు పోసి పేరు పెట్టెయ్యడం ఆ కొండల్లో ఎక్కడయినా ఉన్నదే. దొమితిలాకి తెలుసు. ఇంతసేపు ఆ ప్రశ్న తనకెందుకు తోచలేదో అదే తెలీలేదు.

"పోతున్నదాని మీద పోశాను. బతికేదానికి తొందరేముంది? మంచుమాత పేరు పెట్టి నీళ్లు పోశాను, పోసిన గంటకి పోయింది. నా కూతురికి తెలివొచ్చి, నియేవెస్ ఏదీ, నియేవెస్‌ని ఇవ్వు, అంది. నేను నీళ్లు పోస్తూ అన్న పేరు జ్వరంలో దాని చెవిన పడింది. ఏమని చెప్పను? చేతిలో ఉన్నదాన్ని ఇచ్చాను. పాలిచ్చింది. ఆ పేరుతోనే పిలిచింది. పూజారి వచ్చినప్పుడు, అయిపోయింది స్వామీ, నీళ్లు పోశాను అన్నాను. రాసుకుని పోయాడు." కొంచెం ఆగింది. "పదేళ్లు దుప్పటిలాగా ఒకళ్ల పేరు ఇంకొకళ్లకి కప్పాను. చలికి ఆగింది కదా అనుకున్నా."

అవ్వ కుడిచెయ్యి వెనక్కి ఉంది. ఆ చేతిని ఎవరో మెల్లగా లాగుతున్నారు. గుమ్మం ఓరగా దొమితిలాకి కనిపించింది ఒక దుప్పటి అంచూ, దాని కింద చెప్పుల్లేని, తడిమట్టి అంటిన రెండు చిన్న పాదాలూ మాత్రమే. వాటి పైన ఇంతకాలం తను రోజూ తరగతిలో వింటున్న గొంతు, ఏ తేడా లేకుండా.

"ఇంటికి పోదాం అవ్వా. ఆకలేస్తోంది."

అవ్వ కదలకుండా ఉండాలనే చూసింది. ఒక అడుగు వెనక్కి పడింది. ఇంకో అడుగు పడింది. వాకిట్లో ఇరవై ఇద్దరు పిల్లలు దారి ఇచ్చి రెండు వైపులా సర్దుకున్నారు. పేరు ఉన్న పిల్ల, పిలిస్తే పలికిన పిల్ల, తన అవ్వని తీసుకుని తన ఇంటికి పోతుంటే ఎవరు మాత్రం అడ్డు నిలుస్తారు?

దొమితిలా వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. "రామ్మా, త్వరగా రా. ముందు బయటికి రా."

నియేవెస్ లేచి నిలబడింది. రెండు అడుగులు వేసి బెంచీల వరస చివర ఆగిపోయింది. అక్కడినుంచి ముందుకి రావడానికి చూసింది, కాళ్లు రాలేదు. అక్కడ ఏ గీతా లేదు, ఏ గోడా లేదు. కిందికి చూసుకుని, మళ్లీ పంతులమ్మ వైపు చూసింది. పొద్దున పాఠంలో అర్థం కానిది అడిగినప్పుడు ఎట్లా అడిగిందో అట్లాగే అడిగింది.

"పిలిస్తే కదా టీచర్ వచ్చేది. నన్ను ఏమని పిలుస్తారు?"